బోను, బూర, ఆగని ఉపన్యాసం

డేరాలు అద్దెకిచ్చే ఆ దుకాణంలో ఆమెను మొదట వదినా అని పిలిచింది సొంత మరిది. తర్వాత బోల్టులు బిగించేవాళ్లు పిలిచారు, పక్క దుకాణం టైలరు పిలిచాడు, చివరికి సామాను చూసుకుందామని వచ్చిన ముసలాయన కూడా "వదినగారూ" అన్నాడు. ఆమె కూడా అందరినీ మరుదుల్లాగే చూసుకుంది. అంటే, తీరిక దొరికినప్పుడల్లా ఆటపట్టించింది.

మరిది కొత్తగా గడ్డం పెంచితే, "ముఖానికి కూడా డేరా వేశావేమయ్యా, ఎన్నాళ్లకి అద్దె?" అని అడిగింది. ఈ గొడవల్లో భర్త తలదూర్చడు. సామాను వ్యాను నడపడం ఆయన పని. వదినా మరుదులకు మాటా మాటా పెరిగితే ఒకసారి హారన్ కొడతాడు. ఆయన అభిప్రాయం అదే.

మాటా మాటా పెరిగేది ఎక్కువగా రెండు డేరాల దగ్గర. ఒకటి వదిన ముచ్చటపడి కొన్నది. ఉక్కు పైపుల్ని త్రిభుజాలుగా కలిపి బోల్టులు బిగించుకుంటూ పోతే బోర్లించిన గిన్నెలా నిలబడుతుంది. పైన గుడ్డ తొడగడమే తరువాయి. లోపల ఒక్క స్తంభం ఉండదు, గాలివాన వచ్చినా చెక్కుచెదరదు. మరిది దానికి బోను అని పేరు పెట్టాడు. రెండోది మరిది తెచ్చింది. దాని గోడలూ కప్పూ అన్నీ లావుపాటి గుడ్డ గొట్టాలే. గాలి ఊదే బ్లోయరు తగిలించి మీట నొక్కితే, కాఫీ తాగేలోపు ఒళ్లు విరుచుకుని లేచి నిలబడుతుంది. వదిన దాన్ని బూర అంటుంది.

"కరెంటు పోతే నీ బూరకి ప్రాణం పోతుందయ్యా."

"మీ బోను బిగించేలోపు వచ్చినవాళ్లు ఇంటికెళ్లి నిద్ర కూడా లేస్తారు వదినా."

ఒకరోజు నడక సంఘం అధ్యక్షుడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నిలువెత్తు మనిషి. ప్రతి వాక్యానికీ ముందు మైకు పరీక్షిస్తున్నట్టు గొంతు సవరించుకుంటాడు. ఆవిడ చేతిలో ఉన్ని బంతి, అల్లిక సూదులు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అల్లుతూనే ఉంది. అల్లిక చాలా పొడుగుంది.

"మీ సభ ఎక్కడండీ?" వదిన అడిగింది.

"మా సంఘం ఆఫీసు వెనకాల, కార్లు పెట్టుకునే చోట."

"అయితే సిమెంటు నేల, మేకులు దిగవు. ఏ డేరా వేసినా ఇసుక బస్తాలు కట్టాల్సిందే. మరి చోటు ఎప్పుడు ఖాళీ చేసిస్తారు?"

"కార్లు పోయాక గంటలో మా సభ మొదలు."

వదిన ముఖం వాడిపోయింది. గంటలో బోనుకు సగం బోల్టులు కూడా పడవు. మరిది చేతులు కట్టుకుని, చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఆముదం మింగినట్టు ముఖం పెట్టి ఆమె అంది: "అయితే బూరే తీసుకోండి. గాలి మరీ ఎక్కువైతే మాత్రం దించేస్తాం, ముందే చెప్తున్నా."

"వదినా, బండి చప్పుడులో సరిగ్గా వినపళ్లేదు. ఇంకోసారి అనండి," అన్నాడు మరిది. అక్కడ ఏ బండీ లేదు.

సభ రోజు గాలి లేదు. బూర చెప్పినట్టే లేచింది, కాళ్లకు ఇసుక బస్తాలు కట్టారు. అధ్యక్షుడు మైకు పుచ్చుకుని నడక గురించి మొదలుపెట్టాడు. నడకలోంచి చెప్పుల్లోకి, చెప్పుల్లోంచి చిన్ననాటి బడిలోకి, బడిలోంచి లెక్కల మాస్టారి దగ్గు మందులోకి వెళ్లాడు. మైళ్లకు మైళ్లు నడిచే ఆ పెద్దలంతా కుర్చీల్లో కూర్చునే అలిసిపోయారు. కొందరి తలలు పక్కవాళ్ల భుజాలు వెతుక్కున్నాయి.

వెనక వరసలో అల్లుకుంటున్న ఆయన భార్య, బ్లోయరు దగ్గర నిలబడ్డ వదినను సైగ చేసి పిలిచింది.

"అమ్మాయ్, ఈయన్ని ఆపే మీట ఏమైనా ఉందా?"

"ఆయన్ని ఆపే మీట లేదండీ. గాలి వదిలి కప్పుని దించే జిప్పుంది."

ఆవిడ రెండు కుట్లు వేసి, "దానికి ఎవరినైనా అడగాలా?" అంది.

అంతకంటే ఏం కావాలి వదినకు! కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ద్వారం బార్లా తెరిచే ఉంది, కప్పు పరుపంత మెత్తన. వెనక్కి వెళ్లి జిప్పు కాస్త లాగి, చెయ్యి దాని మీదే ఉంచింది.

కప్పు మెల్లగా దిగి అధ్యక్షుడి జుట్టు తాకింది. ఆయన ఈగను తోలినట్టు తోలాడు. ఇంకాస్త దిగింది. మెడ వంచి మాట్లాడాడు. మళ్లీ దిగింది. కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడాడు. నిద్రపోతున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నోరు మూసుకుని నవ్వసాగారు. చివరికి కప్పు ఆయన నెత్తిన టోపీలా కూర్చుంది. ఆయన పైకి చూశాడు, మైకును చూశాడు, "సెలవు" అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి. వదిన జిప్పు వేసేసింది. కప్పు ఏమీ ఎరగనట్టు పైకి లేచింది. అప్పుడే పరుగెత్తుకొచ్చిన మరిది ముఖంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

మర్నాడు దుకాణం పెరట్లో బూరను నిలబెట్టి, చిల్లు ఎక్కడుందోనని బ్రష్షుతో ప్రతి కుట్టుకీ సబ్బునీళ్లు పూస్తూ కూర్చున్నాడు. గాలి కారే చోట బుడగ లేవాలి. ఎక్కడా లేవలేదు.

"అదిగో, ఆ మూల చూశావా?" వదిన బక్కెట్టు మళ్లీ నింపి ఇచ్చింది. అతను అన్నానికి కూడా లేవకపోయేసరికి ఆమె మనసు చివుక్కుమంది. చెప్పేద్దామని నోరు తెరిచేలోపు గేటు దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"అమ్మా, మీకు దణ్ణం పెట్టాలి," అన్నాడు అధ్యక్షుడు. "నాకు వేదిక ఎక్కడం తెలుసు గానీ దిగడం తెలీదు. నిన్న కూడా ఎలా ముగించాలో తోచక లోలోపల చెమటలు పట్టాయి. జిప్పు తీసింది మీరేనని మా ఆవిడ చెప్పింది. కాపాడారు!"

మరిది బ్రష్షు కింద పెట్టాడు. వ్యానులోంచి హారన్ మోగింది.

"వదినా," అన్నాడు తేనె ఒలికిస్తూ, "లోపలి కుట్టు ఒకటి సరిగ్గా కనిపించట్లేదు. మీ కళ్లు మంచివి, కాస్త చూడరూ?"

అతను అంత తియ్యగా పిలిచినప్పుడే అనుమానం రావాలి. నవ్వు ఆపుకునే పనిలో ఉన్న ఆమెకు రాలేదు. లోపలికి వెళ్లింది. అతను బ్లోయరు ఆపి, జిప్పులన్నీ బార్లా లాగేశాడు. సబ్బు నురగతో సహా డేరా మొత్తం ఉస్సుమంటూ కూలబడింది. పైకి ఒక ముద్ద మాత్రం కనిపిస్తోంది. ఆ ముద్ద ద్వారం వెతుక్కుంటూ అటూ ఇటూ పాకుతోంది.

"ఒరేయ్ గడ్డపోడా! బయటికొచ్చాక నీ పని చెప్తా!"

అధ్యక్షుడు జాలిపడి ఆ ముద్ద మీదికి వంగాడు.

"అమ్మా, మీరు బయటికొచ్చేదాకా ఓ రెండు మాటలు చెప్పనా?"

"వద్దు బాబోయ్!" అని కేక పెట్టి, తోచిన వైపుకు పాకి బయటపడింది వదిన. నెత్తినిండా నురగ. నవ్వీ నవ్వీ నిలబడలేక మరిది చెవి పట్టుకుని లేచి, ఆ చెవి వదలకుండానే అతన్ని అన్నానికి లాక్కుపోయింది.