నాన్న కాలు ట్రాక్టర్ కింద పోలేదు

నరసరావుపేటలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఇంటి నుంచి పది నిమిషాల నడక. రెండేళ్ల క్రితం ఒక రోజు ఉదయం, సగం దారిలో కుడి పిక్క పట్టేసింది. లోపల తాడేసి బిగించినట్టు నొప్పి. కాసేపు నిలబడితే వదిలింది, నాలుగడుగులు వేస్తే మళ్లీ పట్టింది. మర్నాడూ అంతే. అప్పటికి నాకు నలభై మూడేళ్లు, షుగర్ వచ్చి అయిదేళ్లు. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. స్వీటు ముట్టి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

ఊళ్లో డాక్టరు గారికి చూపించాను. "మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు వచ్చిందా? షుగర్‌తో కాళ్లు తీశారా?" అని అడిగారు.

"లేదండీ. మా నాన్నకు ఒక కాలు లేదుగానీ, అది ట్రాక్టర్ ప్రమాదం. మా మేనత్తకు కాలి వేళ్లు లేవు, అది పాము కాటు" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. నాకు చెప్పిందే చెప్పాను. నాన్న కాలు పోయినప్పుడు నేను సత్తెనపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. శావల్యాపురం దగ్గర మా ఊరికి వచ్చేసరికి నాన్న కట్టుతో మంచం మీద ఉన్నాడు. ట్రాక్టర్ అన్నారు. నమ్మాను.

డాక్టరు గారు "అయితే నరాల నొప్పి అయి ఉంటుంది" అని విటమిన్ మాత్రలు రాశారు. అవి మింగుతూ నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత చెప్పు రాసుకుని చిటికెన వేలు మీద పుండు పడింది. అది మానలేదు, అంచులు నల్లబడ్డాయి. మా ఆయన, అమ్మ నన్ను గుంటూరు తీసుకెళ్లారు. అక్కడ సర్జన్ గారు నా పాదం మీద వేళ్లు పెట్టి పల్స్ కోసం చానాసేపు వెతికారు. చేతికి చూసినట్టే చీలమండకూ బీపీ చూశారు. కాల్లో రక్తం ఎట్లా పారుతుందో చూసే డాప్లర్ చేశారు, తర్వాత యాంజియోగ్రామ్.

"సిగరెట్ లేదు, షుగర్ కూడా అయిదేళ్లదే. మీ రక్తనాళాలు మాత్రం డెబ్బై ఏళ్ల మనిషివిలా ఉన్నాయమ్మా" అన్నారు. ఫ్యామిలీ హిస్టరీ అడిగితే మళ్లీ అదే ట్రాక్టరు, అదే పాము చెప్పాను. పక్కనే కూర్చున్న అమ్మ తల వంచుకుని చీర కొంగు సర్దుకుంది.

యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. చిటికెన వేలు తీసేశారు. మూడో రోజు వార్డులో అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఏమే, ఎవరన్నా అడిగితే కాలికి గాజుపెంకు గుచ్చుకుందని చెప్పు" అంది.

"ఎందుకు చెప్పాలి?"

"తమ్ముడి కూతురికి సంబంధం చూస్తన్నారు. మనది కాళ్లు పోయే వంశమని తెలిస్తే ఎవరు చేసుకుంటారు? మీ నాన్నప్పుడూ అట్టాగే చెప్పాం. లేకపోతే నీకు పెళ్లయ్యేదా?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఒకడు. వార్డంతా వినేలా అరిచాను. అప్పుడు అమ్మ నిజం ఒప్పుకుంది. నాన్నకు కాలు నల్లబడి కుళ్లితే తీసేశారు. మేనత్తకూ అంతే. ట్రాక్టరూ లేదు, పామూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. తెలిసీ నన్ను డాక్టర్ల ముందు అబద్ధాలు చెప్పనిచ్చారు.

అదే రోజు సర్జన్ గారికి నిజం చెప్పాను. ఆయన రక్తంలో ఒక రకం కొవ్వును చూసే లైపోప్రోటీన్ టెస్టు ఒకటి చేయించారు. అది చానా ఎక్కువ వచ్చింది. "ఇది తిండి వల్ల వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది. దీనికి షుగర్ తోడైతే నాళాలు తొందరగా పూడుకుపోతాయి. షుగర్ ఉన్న అందరికీ ఇట్లా కాదు. మీ తోబుట్టువులను వెంటనే చూపించండి" అన్నారు.

మా తమ్ముడికీ షుగరే. పైగా రోజుకో పెట్టె సిగరెట్లు. ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పిల్లకు సంబంధం చూస్తా ఉంటే ఇదేంది అక్కా? నోరు మూసుకుని ఉండలేవా? నాన్నది ట్రాక్టరే" అని పెట్టేశాడు.

మూడు నెలలకు నా స్టెంట్ మూసుకుపోయింది. మళ్లీ యాంజియోప్లాస్టీ. రెండో వేలూ పోయింది. నేను మంచంలో ఉండగా మేనకోడలికి అనుకుంటున్న పెళ్లికొడుకు తల్లి చిలకలూరిపేట నుంచి పళ్లు తీసుకుని చూడటానికి వచ్చింది. "కాలికి ఏమైందమ్మా?" అని ఆమె అడిగింది. "గాజుపెంకండీ" అని అమ్మ నాకంటే ముందే అనేసింది.

"కాదండీ, షుగర్. మా నాన్నకూ ఇట్లాగే కాలు తీశారు. మా తమ్ముడికీ రావచ్చు, వాడు టెస్టు చేయించుకోనంటున్నాడు" అన్నాను.

ఆ సంబంధం తప్పిపోయింది. మేనకోడలికి చేసిన దానికి బాధగా ఉంది. సిగ్గు మాత్రం లేదు. అది నా ఇంటికి వచ్చి, "అత్తా, నాకూ ఆ టెస్టు చేయించు" అంది. తర్వాత వాళ్ల నాన్నను అదే గుంటూరు లాక్కెళ్లింది. వాడి ఎడమ కాలి పల్స్ అప్పటికే బలహీనంగా ఉంది. పుండు పడకముందే దొరికింది. మందులు మొదలుపెట్టారు, సిగరెట్ మాన్పించారు, రోజూ నడవమన్నారు.

ఇప్పుడు మూడు వేళ్ల పాదంతో మోటారు మిషన్ తొక్కుతున్నాను. రోజూ అరగంట నడుస్తాను, రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలూ అద్దంలో చూసుకుంటాను.

మీకు షుగర్ ఉంటే ఒక పని చేయండి. మీ ఇంట్లో కాలు పోయినవాళ్లు, ఉన్నట్టుండి చనిపోయినవాళ్లు ఎవరో, అసలు ఏమైందో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ప్రమాదం అంటే ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అని గుచ్చి గుచ్చి అడగండి. ఆ సమాధానం కాగితం మీద రాసి మీ డాక్టరు చేతిలో పెట్టండి.

తమ్ముడు నాతో మాట్లాడి ఏడాది దాటింది. రోజూ పొద్దున్నే మా వీధిలోంచే వెళ్తాడు, మా గుమ్మం రాగానే తల అటు తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. రెండు కాళ్ల మీద నడుస్తున్నాడు.