ముప్పై ఏడో నంబరు కార్డు

నా పేరు చెప్పను. చెబితే తిరుపతిలో నలుగురు ఇట్టే గుర్తుపడతారు. అంత ధైర్యమే ఉంటే ఈ రాతే అవసరం లేదు. ఏళ్ల తరబడి ఒక సంగతి నా గుండె మీద బండలా ఉంది. అన్నం తింటున్నప్పుడూ ఉంటుంది, అంగట్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడూ ఉంటుంది. విన్నాక మీకు నవ్వు కూడా రావచ్చు. ఇంతా చేసి, అది అరచేతిలో పట్టే ఒక అట్టముక్క గురించి.

మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు వచ్చేవి. వాటికి వరస నంబర్లు ఉండేవి. ముప్పై ఏడు తప్ప అన్నీ దొరికేవి. పిల్లలు మళ్లీ మళ్లీ గమ్ కొనాలని కంపెనీవాళ్లు దాన్ని కావాలనే తక్కువ అచ్చేశారని అంటారు. దాని మీదున్నది గొప్ప ఆటగాడా అంటే అదీ కాదు, నాలుగు రోజులు ఆడి కనబడకుండా పోయిన ఒక వికెట్ కీపరు. అయినా పాత కార్డులు పోగేసేవాళ్లందరికీ ఇప్పుడు అదే కావాలి. ఫోన్లో మాకొక గుంపు ఉంది. ఆ గుంపు మొత్తంలో ముప్పై ఏడు నా దగ్గర మాత్రమే ఉంది. పెళ్లీ పిల్లలూ లేనివాణ్ని, బస్టాండు వెనక కళ్లద్దాల అంగడి తప్ప వేరే లోకం లేనివాణ్ని. నాకంటూ కాస్త మర్యాద ఉన్నది ఆ గుంపులోనే, ఆ కార్డు వల్లే.

మునిరత్నం అక్కడే పరిచయం. చంద్రగిరిలో వాళ్ల నాయన పెట్టిన చిల్లరంగడి నడుపుతాడు. ఆదివారం మధ్యాహ్నం అంగడి కట్టేసి మా ఇంటికి వచ్చేవాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ముప్పై ఏడును అంచుల దగ్గర పట్టుకుని చూసేవాడు. ఇమ్మని ఒక్కసారీ అడగలేదు. వాళ్ల నాయన మహా కోపిష్టి. అమ్మాల్సిన గమ్ పొట్లాలు విప్పి చూశాడని చిన్నప్పుడొకసారి కొడుకును చావబాదాడట. ఆ సాయంత్రం ఆయనకు ఏమనిపించిందో ఏమో, డబ్బా మొత్తం కింద కుమ్మరించి, కొడుకు పక్కన కూర్చుని ఒక్కొక్క పొట్లమే తనే విప్పాడట. ముప్పై ఏడు రాలేదు. "దొరుకుతుందిలేరా" అన్నాడట. నాయన తన పక్కన అట్లా కూర్చున్నది ఆ ఒక్కనాడేనని మునిరత్నం చెప్పాడు. అతని ఆల్బమ్‌లో ఆ ఒక్క గడే ఖాళీగా ఉంది.

ఒకరోజు ఫోన్ చేశాడు. గొంతులో సంబరం ఆగడం లేదు.

"అన్నా, సూసినావా? ఆన్‌లైన్ వేలంలో ముప్పై ఏడు వచ్చిండాది! నాయుడుపేటలో ఎవురో పాతసామాన్లాయన పెట్టిండాడు. అదేందో ఆయప్పకు తెలిసినట్టు లేదు, ఉత్త పాత బొమ్మలని రాసిండాడు. నేను పాట పెట్టేసినా. నువ్వొకతూరి సూసి సెప్పన్నా, అసలుదేనా?"

అసలు కార్డేదో నకిలీ ఏదో గుంపులో తేల్చేది నేనే. కళ్లద్దాల పనివాణ్ని కదా, నా కంటి మీద అందరికీ నమ్మకం. ఫొటో పెద్దది చేసి చూశాను. అసలుదే. నా దానికంటే శుభ్రంగా ఉంది.

"నకిలీదబ్బా," అన్నాను. "వెనకల అచ్చు సూడు, రంగు తేడాగా ఉండాది. ఇడిసిపెట్టు."



"అట్లనా... దొరికిందని మా నాయన పటం ముందర సెప్పేసి గూడా వస్తినే. సర్లే అన్నా, ఇంక పెంచనులే. నువ్వుండబట్టి మోసపోకుండా బతికిపోయినా."

ఆ మాట విని కూడా ఆగలేదు నేను. వేరే పేరుతో ఖాతా తెరిచి అతని పాట మీద పాట పెట్టాను. అన్నట్టే అతను పెంచలేదు. కార్డు నాకొచ్చింది.

కవరు విప్పితే చిన్నప్పటి గమ్ వాసన వచ్చినట్టే అనిపించింది. మొదట దాచుకుందామనుకున్నాను. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కంటైనా పడితే? లోకంలో రెండున్నాయని తెలిస్తే నాది ఏపాటి, నేనేపాటి? అంగట్లో కత్తెర తీసుకుని ముక్కలు ముక్కలు చేసి, విరిగిన ఫ్రేములతో పాటు చెత్తలో పోశాను. ఆ తర్వాత కొన్నాళ్లు సంతోషంగానే ఉన్నాను. సిగ్గులేకుండా సంతోషంగా ఉన్నాను. ఇది చెప్పడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఎందుకు చేశాను? అసూయేనా? అతనికే ఒక కార్డు దొరికితే ఇక ఆదివారాలు మా ఇంటికి ఎందుకొస్తాడన్న భయమా? ఇది నిజమో, నన్ను నేను సమర్థించుకోవడానికి తర్వాత కల్పించుకున్న సాకో నాకే తెలియదు. జరిగింది మాత్రం ఇదీ: అతని ముఖం చూడలేక ఒక ఆదివారం ఒంట్లో బాగాలేదన్నాను, ఇంకో ఆదివారం ఊళ్లో లేనన్నాను. కొన్నాళ్లకు అతనే రావడం మానేశాడు. ఇప్పుడు నా ఆల్బమ్ బీరువాలోంచి బయటికి రాదు. తీసినా చూసేవాళ్లెవరు?

నీ కార్డు అతనికి ఇచ్చేయొచ్చు కదా అంటారు మీరు. ఇవ్వాలని తీసి, ఎన్నోసార్లు మళ్లీ లోపల పెట్టేశాను. ఊరికే ఇస్తే అతను నా కాళ్ల మీద పడతాడు. ఉన్న ఒక్కటీ ఇచ్చేశాడని ఊరంతా చెప్పుకుంటాడు. అతని దగ్గర ఆ మంచిపేరు కూడా కొట్టేయమంటారా? నిజం చెప్పి ఇవ్వాలి. ఆ నోరే నాకు లేవడం లేదు.

మునిరత్నం ఇప్పటికీ వెతుకుతున్నాడు. అన్ని వేలాలూ చూస్తాడు. ఆదివారం ఫోన్ చేసి, "అన్నా, యాడన్నా కనబడిందా?" అంటాడు.

"దొరుకుతుందిలే" అంటాను నేను. వాళ్ల నాయన అన్న మాట. అది నా నోట వినగానే అతని గొంతు మెత్తబడుతుంది.

అతనితో అనాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్లూ ఎక్కడా అనలేదు, ఇక్కడ అంటున్నాను. అతనికి కాదు, మీకే. అయినా కాస్త ఊపిరి ఆడుతోంది.

దొరకదబ్బా. ఇంక వెతకొద్దు. నీది అసలుదే. దాన్ని నేనే కత్తిరించేసినాను.