అయ్యగారి ప్రార్థనకు కదిలిన జీపు

సరుగుడు తోట ఇసకలో ఇరుసుదాకా కూరుకుపోయిన జీపును బయటికి తీసింది నేను. పేరు మాత్రం అయ్యగారి ప్రార్థనకు పోయింది. అరవై ఏళ్ళు దాటినా ఈ అన్యాయాన్ని సరిదిద్దినవాడు ఒక్కడూ లేడు. మొన్నటికి మొన్న ఒక పెళ్ళి విందులో, కొత్తగా కారు కొన్న కుర్ర ఇంజనీరు ఒకడు నా పక్కన కూర్చుని, "తాతా, మన చిట్టమూరు పక్క ప్రార్థన చేస్తే జీపు దానంతటదే లేచి నడిచిందంట గదా, మీకేమన్నా గుర్తుండాదా?" అని అడిగాడు. గుర్తుండాదా అంట. నా నోట్లో మాంసం ముక్క ఉండబట్టి బతికిపోయాడు.

ఆ రోజుల్లో బండి కొనడం అంటే ఇప్పటిలాగా అద్దాల గదిలోకి పోయి రంగు ఎంచుకోవడం కాదు. యుద్ధకాలంలో మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన జీపుల్ని మద్రాసులో వేలం వేసేవాళ్ళు. వాటిని తెచ్చుకున్నవాడు తన పనికి తగ్గట్టు కోసుకునేవాడు, అతికించుకునేవాడు, సాగదీసుకునేవాడు. అభ్రకం గనులకు తిరిగే జీపులన్నీ గూడూరు షెడ్లకే వచ్చేవి. ఏ రెండూ ఒక పోలికలో ఉండేవి కావు. ఒకటి పడవంత పొడుగు, ఒకటి తోక తెగిన తొండలాగా పొట్టి. అటువంటి ఒక షెడ్డులో నేను రెండేళ్ళు పనిచేశాను. స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పినవాణ్ణి, నిజమే. కానీ మిలిటరీవాళ్ళ జీపు పుస్తకం ఒకటి, అట్టలు లేనిది, మేస్త్రీ పీట కింద దొరికితే, నిఘంటువు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని మొదటినుంచి చివరిదాకా చదివాను. (మధ్యలో ఎలుకలు తిన్న పదిహేను పేజీలు తప్ప. ఆ పదిహేను పేజీల్లోనే బ్రేకుల సంగతి ఉండేదని తర్వాత తెలిసింది.) పంతొమ్మిదేళ్ళకే జీపుల గురించి నాకు తెలియనిది ఏదీ లేదని నా నమ్మకం. ఇప్పుడు కూడా పెద్దగా మారలేదు.

మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది మా పెదనాన్న. ఆయన ఆ ఏడు సముద్రపు ఒడ్డున ఒక సరుగుడు తోటను నరుకుడుకు తీసుకున్నాడు. కొట్టిన కట్టెలు ఇసకలో రెండు మైళ్ళు దాటి రోడ్డు ఎక్కాలి. ఎద్దుబండ్లు దొరకడం కష్టంగా ఉందని, "పెదనాన్నా, జీపు కొందాం. వెనకభాగం కోసి కట్టెలబండి చేసే పూచీ నాది" అని నేను పోరుపెట్టాను. ఆయన సరేననలేదు, కాదనలేదు. ఒక షరతు పెట్టాడు. "మొదటి లోడు నీ బండి మీదనే రోడ్డెక్కిందా, నాయుడుపేటలో నీకు షెడ్డు వేయిస్తా. ఎక్కలేదా, గమ్మున టీచరు ట్రైనింగుకు పోవాల. అయ్యగారు సిఫారసు ఉత్తరం రాసిస్తామన్నారు." అయ్యగారంటే మా చర్చి పాస్టరు గారు. సన్నటి మనిషి, నిదానంగా మాట్లాడేవారు. ఆ మాటతో ఆయన కూడా నా పగవాళ్ళ జట్టులో చేరారు. పిల్లల ముక్కులు తుడుస్తూ ఎక్కాలు చెప్పించే ఉద్యోగం ఒక పక్క, నాయుడుపేటలో సొంత షెడ్డు ఒక పక్క. ఆ నెలంతా నాకు నిద్ర ఉంటే ఒట్టు.

మద్రాసు వేలానికి పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎద్దుల్ని చూసి ఎంచడంలో నాయుడుపేటనుంచి చిల్లకూరుదాకా ఆయన్ని మించినవాడు లేడు. అదే కన్నుతో జీపుల్ని చూడటం మొదలుపెట్టాడు. ముందు ఒక్కోదాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు, బెదురుతుందేమో చూడటానికి కాబోలు. వెనక్కి పోయి వంగి, "నడిపించండి, నడక చూడాల" అన్నాడు. నీలంరంగు వ్యాను ఒకటి తళతళ మెరుస్తుంటే ఆయన కళ్ళు దాని మీదికి పోయాయి. నేను ఆ మూల తుప్పు పట్టి నిలబడ్డ జీపును చూపించి, "దీనికి ముందు చక్రాలు కూడా లాగతాయి పెదనాన్నా, ఇసకకు ఇదే సరి" అన్నాను. ఆయన నా మాట మీద కాకుండా టైర్లను చేతికర్రతో కొట్టి చూసి, "కాళ్ళు గట్టిగా ఉండాయి, ఇది కానీ" అని ఒప్పుకున్నాడు. తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మా వైపు ఎద్దుల బేరం నోటితో చెయ్యరు, తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. అరిచి పాట పాడే ఆ వేలంలో పెదనాన్న నేరుగా గుమాస్తా దగ్గరికి పోయి, ఆయన చేతిమీద తువ్వాలు కప్పి, లోపల రెండు వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. ఆ అరవాయన మొహం ఎర్రబడి, "ఎన్నయ్యా ఇదు" అని చెయ్యి లాక్కోబోతే, పెదనాన్న నా వైపు తిరిగి, "పట్టు వదలకూడదురా, వదిలితే పెంచతాడు" అన్నాడు. ఎట్లాగో జీపు మాదైంది.

దాన్ని గూడూరు షెడ్డుకు తెచ్చి నెలరోజులు దాని మీదే పడ్డాను. వెనక సీట్లు ఊడబీకాను. చట్రం మూడడుగులు సాగదీయించి, పాత పడవ చెక్కలతో తొట్టి కట్టాను. ఇరుసు మీద బరువు మోసే కమాన్లలో ఒక్కో ఇనపపట్టీ అదనంగా వేసి వెనకభాగం ఎత్తాను. పొగ గొట్టం ఇసకలో మునగకుండా పైకి తిప్పాను. ఇవన్నీ పనికొచ్చినవే. లారీ హారను కూడా తగిలించాను, అది మాత్రం పనికొచ్చింది కాదు. ఒకసారి మోగిస్తే బ్యాటరీ ఖాళీ అయి నలుగురు తొయ్యాల్సి వచ్చేది. కానీ నాకు హారను లేని బండి మీసం లేని మొగవాడిలాగా కనిపించేది. (నాకప్పుడు మీసం సరిగ్గా రాలేదన్నది వేరే సంగతి.)

అసలు తగాదా టైర్ల దగ్గర వచ్చింది. ఇసకలో పోయేటప్పుడు టైర్ల గాలి సగానికి తగ్గించాలని, అప్పుడు టైరు పరుచుకుని ఇసక మీద తేలుతుందని పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. ఆ మాట చెప్పగానే పెదనాన్న నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"లోడు వేసినాక ఎద్దు కాళ్ళు ఇరగ్గొట్టమంటావా?"

"ఇది ఎద్దు కాదు పెదనాన్నా. పుస్తకంలో ఉండాది."

"పుస్తకం రాసినోడు మన ఇసక చూసినాడా?"

చూసి ఉండడని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయన స్వయంగా దగ్గర నిలబడి చేతిపంపుతో నాలుగు టైర్లకూ గాలి కొట్టించాడు, కర్రతో కొడితే కంచులాగా మోగేదాకా. కొట్టింది నేనే. నా భుజాలు రెండు రోజులు పైకి లేవలేదు. ఆఖరున వేలు చూపించి, "గాలి పట్టే ఆ పిన్నుల మీద చెయ్యి పడిందంటే ఆ రోజే నీ పెట్టె సర్దుకోవాల" అన్నాడు.

మొదటి లోడు రోజున ఉదయాన్నే తోటకు పోయాం. నేను, పెదనాన్న, కట్టెలు కొట్టే మనుషులు ఆరుగురు. అందరూ మా చర్చివాళ్ళే. కొత్త బండి కదా, దీవించడానికి అయ్యగారు కూడా వచ్చారు. ఆయన జేబులోనుంచి తెల్ల కవరు ఒకటి తొంగిచూస్తూ ఉంది. అది నా ట్రైనింగు స్కూలు ఉత్తరమని చూడగానే తెలిసిపోయింది. దానివైపు చూడకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి. నా బండి బలం అందరూ చూడాలని, వెయ్యాల్సినదానికంటే ఇంకొంచెం ఎక్కువే కట్టెలు వేయించాను. హారను కొట్టాను. నలుగురు తోశారు. బండి యాభై గజాలు రాజులాగా పోయి, ఇసక మెత్తబడ్డ చోట నాలుగు చక్రాలూ గిర్రున తిరిగి, తిరిగినకొద్దీ కిందికి దిగి, ఇరుసు ఇసకకు ఆనింది. ఆ పక్కనే తన జతతో ఖాళీగా నిలబడి చూస్తున్నవాడు ఎర్రెద్దుల మామ. ఆ తీరంలో పేరున్న బండివాడు.

"ఏం అల్లుడూ, బాయి తవ్వతా ఉండావా? ఇంకో రెండడుగులు పోతే నీళ్ళు పడతాయి" అన్నాడు.

గంటసేపు పారతో తవ్వాం, రెమ్మలు నరికి చక్రాల కింద వేశాం. చక్రాలు రెమ్మల్ని కూడా మింగేశాయి. పెదనాన్న నా మొహం చూడకుండా, "బావా, జతను తెచ్చి కట్టు" అని ఎర్రెద్దుల మామతో అన్నాడు. ఎద్దులు లాగితే లోడు నా బండిమీద రోడ్డెక్కినట్టు కాదు. మామ ఎద్దులకు నీళ్ళు పట్టి తెస్తానని తోలుకుపోయాడు. నా షెడ్డు ఆ ఎద్దుల తోక పట్టుకుని పోతున్నట్టు అనిపించింది. నోరు తెరిచి, "గాలి ఒక్కటి తగ్గించనీ పెదనాన్నా" అన్నాను. ఆయన నా పెట్టె గుర్తుచేశాడు. అప్పుడు అయ్యగారు గొంతు సవరించుకుని, "ఎద్దులు వచ్చేలోగా ఒక మాట ప్రార్థన చేసుకుందామా? అందరూ బండి ముందుకు రండి. అబ్బాయ్, నువ్వు పార పట్టుకుని వెనకాలే ఉండు" అన్నారు. అందరూ బానెట్టు ముందు నిలబడి తలలు వంచి కళ్ళు మూసుకున్నారు.

ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని ఆదివారం బడిలో నేర్చుకున్నవాణ్ణే. కానీ తెరిచాను. వెనక కుడి చక్రం నా మోకాలి దగ్గరే ఉంది. వంగి పిన్ను నొక్కాను. సుయ్‌మంది. సముద్రపు గాలికి సరుగుడు తోటంతా ఎప్పుడూ అదే చప్పుడు చేస్తుంది కాబట్టి దానిలో ఇది కలిసిపోయింది. అయ్యగారు ఆదాముతో మొదలుపెట్టారు. రెండో చక్రానికి నోవహు ఓడ ఎక్కాడు, యోనా చేప కడుపులోకి పోయి బయటికి కూడా వచ్చేశాడు. మూడోది ముందు చక్రం, పెదనాన్న పంచె అంచు నా తలకు తగిలేటంత దగ్గర. అక్కడ చెయ్యి జారింది. పిన్ను ఈలవేసినట్టు కూసింది. సరిగ్గా అప్పుడే అయ్యగారు ఫరో రథాల దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనిది, సింహంలాగా గర్జించారు. తోటలో కాకులు లేచిపోయాయి. ఆత్మ ఆవేశించిందనుకున్నాను. నాలుగో చక్రం పిన్ను తుప్పు పట్టి ఎంతకీ కదలదు. అయ్యగారు కూడా ఎంతకీ ఆపరు. మంచానపడ్డ ముసలివాళ్ళను పేరుపేరునా తలుచుకున్నారు, వానల కోసం అడిగారు, కలెక్టరు గారిని దీవించారు, చివరికి ఎర్రెద్దుల మామ ఎద్దుల ఆరోగ్యం కోసం కూడా ప్రార్థించారు. సమయం సందర్భం లేని మనిషి అని లోపల విసుక్కున్నాను కూడా. ఆఖరికి ఆ పిన్ను కూడా కదిలి గాలి పోయింది, నేను చేతులు దులుపుకుని లేచి నిలబడ్డాను. ఆయన ఆమెన్ అన్నారు. నా అదృష్టం అనుకున్నాను.

"ఎక్కి ఒకసారి చూడు నాయనా" అన్నారు, గొంతు బొంగురుపోయి. అంతకుముందు గంటసేపు తిరిగిన ఇంజను బ్యాటరీని కొంచెం నింపి ఉంది, ఒక్క నొక్కుకే లేచింది. మొదటి గేరులో మెల్లగా వదిలాను. బండి ఒకసారి వణికి, గుంతలోనుంచి బర్రె లేచినట్టు లేచి, ఇసక మీద పరుచుకుంటూ ఆగకుండా రెండు మైళ్ళూ పోయి రోడ్డెక్కింది. వెనకాల పరుగెత్తుకుంటూ వచ్చిన పెదనాన్న చదునైపోయిన టైర్లను చూశాడు. నేను మనసులోనే పెట్టె సర్దుకున్నాను. ఆయన కళ్ళనిండా నీళ్ళు. "చూసినారా అయ్యగారూ, టైర్లు కూడా మోకరించినాయి" అన్నాడు.

ఏం చెప్పమంటారు? నిజం చెబితే పెట్టె సర్దుకోవాలి. చెప్పకపోతే షెడ్డు. నేను షెడ్డునే ఎంచుకున్నాను, దానికి ఇప్పటికీ చింత లేదు. కానీ ఆ ఆదివారం పెదనాన్న చర్చిలో నిలబడి అరగంట సాక్ష్యం చెప్పాడు. బండికి ప్రార్థన జీపని పేరు పడింది. ఆ తర్వాత తీరంలో ఎక్కడ ఎవరి బండి దిగబడినా అయ్యగారి కోసం మనిషి వచ్చేవాడు. ఆయన పోయేవారు, ప్రతిసారీ నన్ను కూడా తీసుకుపోయేవారు, "వీడు పాట అందుకుంటాడు" అని. నా గొంతు విన్నవాళ్ళెవరూ నన్ను పాడమనరు. అక్కడ కూడా నన్ను వెనకాలే నిలబెట్టి ఆయన ప్రార్థన అందుకునేవారు. నేను గాలి తీసేవాణ్ణి, ఆయన పేరు తెచ్చుకునేవారు. మనిషికి కొంచెమైనా మొగమాటం ఉండొద్దా అని షెడ్డులో స్పానర్లు విసిరేసేవాణ్ణి.

పెదనాన్న పోయాక నిజం బయటపెట్టాను. ఎవరూ నమ్మలేదు. మా ఇంట్లోవాళ్ళే, "పోనీలే, దేవుడి దగ్గర కూడా పోటీయేనా" అన్నారు. అప్పటికి అయ్యగారు పని విరమించి నెల్లూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. పట్టలేక ఒకరోజు ఆయనకే ఉత్తరం రాశాను. ఆరు పేజీలు. గాలి సిద్ధాంతం వివరించి, టైరు బొమ్మ వేసి, "ఆ రోజు జీపు దేనికి కదిలిందో మీరైనా నిజం ఒప్పుకోండి" అని గట్టిగానే అడిగాను. ఆ ఉత్తరం రాసినవాడికి నలభై దాటాయి, తల నెరిసింది, షెడ్డులో ఏడుగురు పనివాళ్ళు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, అది వేరే మాట. వారంలో కార్డు వచ్చింది. వణికే చేతి రాత.

"నాయనా, బండ్ల సంగతి నాకు తెలియదు. ఆ రోజు నా జేబులో ఉన్నది ఖాళీ కవరు. నీ సిఫారసు ఉత్తరం నేను రాయనే లేదు. ఇక ప్రార్థన సంగతి. మొదటినుంచి చివరిదాకా నేను ఒక కన్ను తెరుచుకునే ఉన్నాను. మూడో చక్రం దగ్గర నువ్వు చెయ్యి జార్చినప్పుడు మీ పెదనాన్న తల ఎత్తబోయినాడు. అందుకని ఫరోను అంత గట్టిగా పిలవాల్సి వచ్చింది, మూడు రోజులు నాకు గొంతు లేదు. నాలుగో చక్రానికి నువ్వు అంతసేపు చేస్తావని తెలిసుంటే, యోనాను అంత తొందరగా బయటికి రానిచ్చేవాణ్ణి కాదు."