బ్యాటరీ తీసినాక తొక్కిన కాలు

ముందే చెబుతున్నాను, నాది పెంచి చెప్పే నోరు. పులివెందులలో చినుకు పడితే ప్రొద్దుటూరు దగ్గర పెన్నా పొంగిందంటాను. దయ్యాల విషయంలో మాత్రం గోరంత కూడా ఎప్పుడూ కలపలేదు. నమ్మితే కదా కలపడానికి!

జమ్మలమడుగులో ఉండే మా అన్న చేనేత మనిషి. మీసం రాకముందే మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడికాలు చచ్చుబడింది. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. ఒకరు మొదలుపెట్టిన చీరలో ఇంకొకరి చెయ్యి పడితే నేత తేడా వస్తుందని, వదిన ఎవరినీ కూర్చోనివ్వలేదు. దాన్ని తనే ముగించాలని అన్న పట్టుదల.

ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ దగ్గరికి రోబో కాళ్లు వచ్చాయంటే తీసుకుపోయాము. నడుము నుంచి పాదం దాకా తొడుగుతారు. కండ ఏ కాస్త కదలబోయినా పసిగట్టి, మిగతా బలం అదే ఇస్తుందట. చూస్తే ఏనుగు మీద అంబారీలా ఉంది. వింత చూడటానికి సగం బజారు కిటికీకి వేలాడింది.

“నడుస్తాండానని మనసులో అనుకో పెద్దాయనా” అంది డాక్టరమ్మ.

“నా కాలికి నడక కన్నా మగ్గం తొక్కుడే బాగా తెలుసమ్మా” అన్నాడు అన్న.

అన్నాడే గానీ, లేచి గోడదాకా నడిచాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరమ్మ బ్యాటరీ ఊడదీసింది. పట్టీలు విప్పబోతుంటే కుడికాలు లేచింది. దిగింది. మళ్లీ లేచింది. ఆ తూగు నాకు తెలుసు. మగ్గం గుంటలో తొక్కుడు చెక్క మీద పడే అడుగు.

“నేనేం చేయలేదు, దాన్ని నిలపమ్మా” అన్నాడు అన్న.

“యాడ నిలిపేది? బ్యాటరీ ఈడ నా చేతిలో ఉంటే!”

రెండు చేతులతో మోకాలిని అదిమిపట్టాను. నన్ను కూడా ఎత్తి దించింది.

“ఆపొద్దు నాయనా, తొక్కనీ” అని వదిన నా చేతులు లాగేసింది.

ఉన్నట్టుండి కాలు ఆగిపోయింది. అన్న ఒడిలోకి చూసుకుని, “పోగు తెగిందిరా” అన్నాడు.

డాక్టరమ్మ కండరాల బిగువంది, యంత్రంలో మిగిలిన విసురంది. చివరికి, “నాకూ తెలీదప్పా” అంది.

ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా అన్న “బ్యాటరీ పీకమ్మా” అని కాలి వంకే చూస్తూ కూర్చుంటాడు. మేమూ చూస్తాము. ఇంతవరకూ మళ్లీ కదల్లేదు. ఆ రోజు ఎందుకు కదిలిందో నేను చెప్పలేను.

కలిపింది ఏదో చెప్పాలి కదా. కిటికీకి వేలాడింది ఇద్దరే. అన్న లేచి గోడదాకా నడిచాడన్నాను చూడండి, అది పూర్తిగా నాది. బ్యాటరీ ఉన్నంతసేపూ ఆ కాలు మెదలనేలేదు.