కరెంటమ్మ అలిగిన సాయంత్రం

ఎనభైల మొదట్లో మా పుంగనూరులో కరెంటు ఇంటి మనిషి కాదు, చుట్టపుచూపుగా వచ్చిపోయే పెద్దమనిషి. వస్తే సంతోషించేవాళ్ళం, పోతే మళ్ళీ ఎప్పుడొస్తారని అడగడానికి మొహమాటపడేవాళ్ళం. బల్బు వెలిగిందో లేదో చూడటానికి పక్కన లాంతరు పెట్టుకునేవాళ్ళం (ఎక్కువ చెబుతున్నానని మా ఆవిడ అంటుంది, ఆవిడది మదనపల్లె, అక్కడి బల్బులు పెళ్ళిళ్ళలోలాగా వెలిగేవట). అలాంటి కరెంటును నమ్ముకుని ఒక మనిషి తన బతుకంతా పణంగా పెట్టాడంటే వాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, బి.ఎస్సీ. ప్యాసైనవాడైనా అయి ఉండాలి. నేను ప్యాసైనవాణ్ణి.

డిగ్రీ చేతికొచ్చాక ముందు సోడా బండి పెట్టాను. గోళీలన్నీ వీధి పిల్లల ఆటలోకి పోయాయి. తర్వాత అద్దె సైకిళ్ళు పెట్టాను. సైకిళ్ళకు వెళ్ళడం వచ్చింది కానీ తిరిగి రావడం రాలేదు. అప్పుడు మదనపల్లెలో ఒక కోళ్ళఫారం యజమాని మాటలు విని, కోడిపిల్లల్ని పెంచి పెద్దచేసి హోటళ్ళకు అమ్మడమే నా జన్మకు కారణమని తెలుసుకున్నాను. మా నాయన అంతా విన్నాడు. చివరికి, "ఇదే ఆకరు. అవి బతికితే నీ ఇష్టం. సచ్చినాయా, మర్నాడే కుప్పం బస్సు ఎక్కల్ల. మీ మామ మండీలో చింతపండు గింజలు తీసుకుంటా కూసుందువు" అన్నాడు. కుప్పంలో మా మేనమామ చింతపండు మండీలో ఏడాది పనిచేసినవాడికి పళ్ళు పులిసిపోయి పెరుగన్నం కూడా నమలలేడని ప్రతీతి (ఆ ప్రతీతిని పుట్టించింది నేనే). మామ మాటలు కూడా తూకం వేసి మాట్లాడేవాడు. ఆ మండీ తలచుకుంటేనే నాకు నోరు ఊరేది, అదీ భయంతో.

పిల్లలు మదనపల్లె నుంచి బస్సులో, అట్టపెట్టెల్లో, నా ఒళ్ళో కూర్చుని వచ్చాయి. వందకు పైచిలుకు పసుపు ఉండలు. వెనకింట్లో ఊక పరిచి, చుట్టూ రేకు కట్టి, పైనుంచి పెద్ద బల్బులు వేలాడదీశాను. మా అవ్వ, అంటే నాయన్ని కన్న తల్లి, గడపలో నిలబడి ఇదంతా చూసింది. ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే, వేపమండ. ఆవు ఈనితే వేపమండ, మనవడికి జ్వరమొస్తే వేపమండ, రేడియో గొంతు బొంగురుపోతే దానికీ వేపమండ. కట్టిన మండను గుణం కనిపించేదాకా విప్పేది కాదు. విప్పేటప్పుడు కూడా తన చేత్తోనే విప్పాలి, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు.

"తల్లికోడి యాడరా?" అంది.

"వీటికి తల్లి కరెంటే అవ్వా. మన సందు చివర స్తంభాల మింద పెద్ద డబ్బా ఉండాదే, ఆ తల్లి ఆడ కూసోని ఈ బల్బుల్లోనుంచి పొదుగుతాది."

"ఆడ కూసోనే?"

"ఆడ కూసోనే ఊరంతా పొదగగలదు. మహాశక్తి!"

(ఒక మాటతో సరిపోయేచోట పది మాటలు వాడటం నాకు అప్పటికే అలవాటు.) అవ్వ బల్బు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఖరీదు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఒక మధ్యాహ్నం గాలివాన మొదలైంది. వడగళ్ళు నిమ్మకాయలంత పడ్డాయి (బయటి ఊళ్ళలో చెప్పేటప్పుడు గుమ్మడికాయలంత అంటాను). మొదటి ఉరుముకే బల్బులన్నీ ఆరిపోయాయి. వాన తగ్గింది కానీ వెలుగు రాలేదు. మా ఎగువ ఊళ్ళలో వడగళ్ళ తర్వాత గాలి ఎంత చల్లగా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వెనకింట్లో పిల్లల అరుపు మారిపోయింది. అంతవరకూ గింజలు వేయించినట్టున్న చిటపట, సన్నగా, పొడుగ్గా, ఒకే ఏడుపులా సాగింది. అవన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి. ఫారం ఆయన మరీమరీ చెప్పిన సంగతి అదే: చలికి కుప్పపడితే అడుగువాటికి ఊపిరాడదు, పొద్దుగూకేలోపల వేడి అందకపోతే పైవీ మిగలవు. చేత్తో విడదీస్తుంటే మళ్ళీ కలుస్తున్నాయి. నా కళ్ళముందు కుప్పం బస్సు కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుంటున్నాడు.

"అవ్వా, తల్లి అలిగింది. నేను ఆఫీసుకు పోయి పిలుచుకొస్తా. ఇవి కుప్పపడకుండా సూడు" అని సైకిలెక్కాను.

కరెంటాఫీసులో కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో ఒకాయన కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, తడిసిన నేలను చూస్తున్నాడు.

"సామీ, మా సందులో కరెంటు లేదు."

"ఈడా లేదు గదప్పా. నేనెవురికి సెప్పుకోవాల?"

"ఇంట్లో కోడిపిల్లలుండాయి. పొద్దుగూకితే సచ్చిపోతాయి."

"కోడిపిల్లలకు కరెంటు యాల? సదువుకుంటాండాయా?"

నేను కృత్రిమంగా పొదిగే శాస్త్రం మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మాయమ్మ ఊరి కోళ్ళన్నీ పెంచిందప్పా. ఒగ కోడి గూడా ఈ ఆఫీసు గడప తొక్కలే" అన్నాడు. సరిగ్గా అప్పుడు లోపలికొచ్చాడు మీసాలప్ప. లైన్‌మన్లలో పెద్దాయన. ఆ మీసాలు రెండు స్తంభాల మధ్య లాగితే వీధికి కరెంటు ఇవ్వొచ్చు, అంత పొడుగు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. నా ముఖం చూసి, "యా సందప్పా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. "ఆడ తీగ యాడా తెగలే. ఉరుముకు ఎవురో స్విచ్చి దించినట్టుండారు. ఎత్తితే వచ్చేస్తాది, నడువు" అని నా సైకిలు వెనక కూర్చున్నాడు. ఆ బరువుకు సైకిలు మూలిగింది, నేను మాత్రం గాలిలో తేలాను.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్తంభానికి నిలువుగా ఒక ఇనుప కడ్డీ, దాని చివర పిడి. అది దించి ఉంది. మీసాలప్ప చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పిడికి తడిసిన గుడ్డపేలికతో పచ్చి వేపమండ కట్టి ఉంది.

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తల పైకెత్తి, తీగ పోయినంత దూరం చూశాడు. "పైన మనిషుండాడు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు వాళ్ళ కట్టుబాటు. లైను మీదికెక్కే మనిషి స్విచ్చి దించి, పిడికి ఒక పచ్చి మండ కట్టి పోతాడు. అది ఉన్నంతసేపు ఆఫీసరొచ్చినా, ఆకాశం విరిగిపడినా ఆ పిడిని ఇంకొకరు ముట్టకూడదు. కట్టిన చెయ్యే విప్పాలి. మీసాలప్ప చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతినుంచి భుజందాకా చర్మం కరిగి గడ్డకట్టినట్టు ఉంది. "ఒగసారి గాలికి మండ ఎగిరిపోయింది. కిందోడు సూసుకోకుండా ఎత్తినాడు" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. నాకు అన్నిటినీ పెద్దవి చేసి చెప్పే అలవాటుంది గానీ, ఆ చేతిని మాత్రం నేనెప్పుడూ పెద్దది చేసి చెప్పలేదు.

వీధిలోవాళ్ళు పోగయ్యారు. లైన్‌మన్లు ఎవరెవరు ఎక్కడున్నారో ఆరా తీశారు. ఒక్కడే దొరకలేదు, కొత్తగా చేరిన బక్కోడు. మా సందు వాడి వంతే. స్విచ్చి దించింది వాడే అయి ఉండాలి. తీగ పొలాల మీదుగా పెద్దపంజాణి దోవలో పోతుంది. సగం ఊరు ఆ తీగ వెంబడి మెడలు పైకెత్తుకుని నడిచింది. ప్రతి స్తంభం కిందా ఆగి, "ఎవురప్పా పైన? ఉండావా?" అని కేకలు. ఏ స్తంభమూ పలకలేదు. వాళ్ళు ఎందుకు వెతుకుతున్నారో తెలియని ఒక ముసలాయన, దేవుణ్ణి పిలుస్తున్నారనుకుని తానూ తలపాగా తీసి పైకి దణ్ణం పెట్టాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఎక్కడో తీగకు వేలాడుతూ బక్కోడు కనిపిస్తాడేమోనని అందరి కళ్ళూ అదురుతున్నాయి.

వెలుగు సన్నగిల్లుతోంది. నేను స్తంభం దగ్గరే నిలబడ్డాను. పిడి నా చేతికి అందేంత దూరంలో ఉంది. బక్కోడు ఎక్కడో టీ తాగుతుంటాడు, ఇక్కడ నా పిల్లలు ఒకదానికింద ఒకటి నలిగిపోతున్నాయి, ఒక్కసారి ఎత్తితే చాలు. ఈ ఆలోచన వచ్చేసరికి నా చెయ్యి నన్ను అడక్కుండానే కదిలింది. మణికట్టు మీద ఇనుప పట్టు పడింది. మీసాలప్ప.

"నీ పిల్లలు సస్తే మల్లా తెచ్చుకుంటావు. వాని అమ్మ మల్లా యాడికి పోయి తెచ్చుకోవాల?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇద్దరం ఆ వేపమండను చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు మసక వెలుగులో, గాలిపోయిన సైకిలు తోసుకుంటూ, పొట్లంలోని బొరుగులు నములుతూ బక్కోడు వచ్చాడు. మీసాలప్ప వాణ్ణి కౌగిలించుకున్నాడు. కౌగిలి అయిపోగానే చెంప పగలగొట్టాడు.

"యాల కొడతావన్నా? ఉరుముకు దించినా, వానకు హోటల్లో దూరినా, టైరు పంచరయ్యింది."

"మండ యాల కట్టినావు?"

"ఏం మండ? పైకెక్కితే గదా కట్టేది!"

వాడు కాకపోతే పైన ఉన్నదెవరు? జనం మళ్ళీ తలలు పైకెత్తారు. అప్పుడే సందు మలుపునుంచి లాంతరు ఒకటి ఊగుతూ వచ్చింది. వెనక మా అవ్వ.

"ఏందప్పా, అందరూ నా మండ కాడ సేరినారు?"

నేను ఆఫీసుకు సైకిలెక్కిన మరుక్షణమే ఆమె తన దారిన తాను వైద్యానికి బయలుదేరిందన్నమాట. అలిగిన తల్లి డబ్బాలో కూర్చుందని చెప్పింది నేనే గదా. నీళ్ళు చల్లి, చీరకొంగు చింపి, చేతికందిన ఇనుప పిడికి మండ కట్టి, మొక్కుకుని పోయింది.

మీసాలప్ప మీసాలు కిందికి దిగాయి. "అవ్వా, ఆడ సెయ్యి పెట్టినావా? అది కరెంటు!"

"తల్లి నన్నేం సేస్తాది నాయనా?"

"సరే, విప్పు."

"తల్లి వచ్చినాక విప్పుతా."

"విప్పితేనే వస్తాది."

"రాకముందే విప్పితే యాడన్నా వస్తాదా? నీకు తెలీదులే, ఊరుకో."

ఇద్దరూ కట్టుబాటున్న మనుషులే. ఆయన చేత్తో ఆయన విప్పడు, ఆమె ముందుగా విప్పదు. అంతవరకూ ప్రపంచంలో జరిగిన సంధి చర్చలన్నీ ఆ స్తంభం ముందు పిల్లలాటలు. నేను అవ్వ కాళ్ళు పట్టుకున్నాను. కదల్లేదు. చివరికి మీసాలప్ప గొంతు తగ్గించి, చేతులు జోడించాడు. "అవ్వా, ఆ మండకు ఒగ అర్థముండాది మాకు. పైన మనోళ్ళు ఎవురూ లేరని కట్టినోళ్ళు సెప్పాల. అప్పుడే నేను సెయ్యి పెట్టేది. నువ్వు సెప్పు."

అవ్వ లాంతరు పైకెత్తింది. మాట వరసకు కాదు, నిజంగానే చూసింది. ఈ తీగ, ఆ తీగ, స్తంభాల చివరలు, వాటిపైన మబ్బు విడిన ఆకాశం.

"ఎవురూ లేరప్పా" అంది. అని, నిదానంగా ముడి విప్పింది.

పిడి పైకి లేచింది. సందంతా ఒక్కసారి ఎర్రగా వెలిగింది. నేను ఇంటికి పరిగెత్తాను. వెనకింట్లో బల్బులన్నీ వెలుగుతున్నాయి, కింద ఊక మీద ఒక్క పిల్ల కూడా లేదు. నా గుండె ఆగిపోయింది (ఇది మాత్రం పెద్దది చేసి చెప్పడం కాదు). పక్కగదిలోకి చూశాను. మా నాయన, నన్ను కుప్పం పంపుతానన్న ఆ నాయన, గొర్రెబొచ్చు కంబళి కప్పుకుని గోడకానుకుని కూర్చున్నాడు. పక్కన నిప్పుల కుంపటి. కంబళి మడతల్లోంచి, చంకల్లోంచి, మెడకింద నుంచి పసుపు తలలు. ఇరుగమ్మ ఒళ్ళో కొన్ని, పొరుగమ్మ గంపలో పెట్టకోడి కింద కొన్ని.

"నాయనా, కరెంటొచ్చింది..."

"అరవద్దు," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడే నిద్రపోయినాయి."

అడుగున నలిగిన కొన్ని తప్ప అన్నీ బతికాయి. షరతు ప్రకారం నేను గెలిచాను. కోళ్ళు పెరిగాయి, హోటలాయన గంపలతో వచ్చాడు. మా నాయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. కంబళిలో పడుకోబెట్టినవాటిని కత్తికి పంపడం తనవల్ల కాదన్నాడు. ఒక్క కోడినీ అమ్మనివ్వలేదు. అవి తిన్నాయి, తిరిగాయి, నాయన వెంట అంగడిదాకా వెళ్ళాయి. అవి చచ్చి ఉంటే కుప్పం పోవలసినవాణ్ణి, అవి బతికినందుకు పోయాను.

బస్సు కదిలేముందు అవ్వ నా రేకుపెట్టె పిడికి ఒక వేపమండ కట్టింది. "మల్లా వచ్చినప్పుడు విప్పుతాలే" అంది. నేను తిరిగొచ్చేసరికి ఆమె లేదు.

ఆ పెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది. పిడికి గుడ్డపేలిక, దానికి రెండు ఎండు పుల్లలు. ఇల్లు దులిపినప్పుడల్లా మా ఆవిడ, "ఈ చెత్త తీసెయ్యనా?" అంటుంది. కట్టిన చెయ్యే విప్పాలని, పైన ఎవరూ లేరని చెప్పాల్సింది కూడా కట్టినవాళ్ళేనని నేను మీసాలప్ప గొంతుతో చెబుతాను. ఆవిడ నవ్వుతుంది. నేను కూడా నవ్వి, తల పైకెత్తి ఒకసారి చూస్తాను. మరి ఇప్పుడు పైన మా మనిషుంది కదా.