ఈరన్న టేపులో మా నాన్న ఊపిరి

దయ్యాలున్నాయని ఎవరన్నా చెప్తే నవ్వే మనిషిని నేను. కంప్లిలో ఇరవై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. పిల్లకు గాలి సోకిందని తల్లి ఏడుస్తూ వస్తే, ముందు జ్వరం చూడమంటాను. ఇప్పటికీ అదే చెప్తాను. అయినా ఈ శ్రావణంలో నా చెవులతో విన్నది రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాకు పాత క్యాసెట్ల పిచ్చి. మొత్తం ఆరుగురు స్నేహితులం. నాటకాల పద్యాలు, హరికథలు, జాతరల్లో ఎవరో పట్టిన పాటలు, ఏది దొరికినా దాచుకుంటాం. టేపు తెగితే అతికేది బాషా. గడియారాలు రిపేరు చేస్తాడు, చిన్నప్పటి నుంచి నా స్నేహితుడు. పెద్దరికం రుద్రప్ప మేష్ట్రుది, రిటైరైన కన్నడ టీచరు.

ఏటా శ్రావణంలో ఒక ఆదివారం, ఆ ఏడాది పోయిన కళాకారులను తలుచుకుంటాం. ఫొటోకి దండ వేసి, వాళ్ల గొంతు కాసేపు వింటాం. అంతే, ఉపన్యాసాలు ఉండవు.

ఈసారి ముగ్గురు. బుర్రకథ చెప్పే ఒకావిడ, కథలు రాసిన ఒక పోస్ట్‌మాస్టరు, తెక్కలకోట మిమిక్రీ ఈరన్న. ఈరన్న శివరాత్రికి ముందే పోయాడు. జాతరల్లో, పెళ్లిళ్లలో ఆయన ప్రోగ్రాం లేని ఊరు లేదు ఈ చుట్టుపక్కల.

అదే ఏడాది, ఉగాది దాటిన మూడు వారాలకు, మా నాన్న బళ్లారి ఆస్పత్రిలో పోయాడు. అంటే ఈరన్న పోయిన రెండు నెలలకు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. నాన్న నిద్రలోనే పోయాడని అమ్మకి, అక్కకి, అందరికీ చెప్పాను.

ఆ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు రైసుమిల్లు ఆఫీసు మేడ మీద గదిలో కూర్చున్నాం. కింద మిల్లు ఆడుతోంది, కిటికీల నిండా ఎండ. ఈరన్న భార్య గంగమ్మ బస్సెక్కి వచ్చింది. చీర కొంగులో చుట్టి ఒక క్యాసెట్ తెచ్చింది.

"ఇది ఆయన ఇంట్లో ప్రాక్టీసు చేసుకున్నదప్పా. ఆయన పోయిన పొద్దు టేపురికార్డర్లోనే ఉండె. పదకొండో దినం తీసి ట్రంకులో పెట్టి బీగం వేసినా. బీగంచెవి నా ఆకువక్క సంచిలోనే ఉండాది. మళ్లా ఈ పొద్దే తీసింది," అంది.

బాషా క్యాసెట్ పెట్టాడు. ముందు సండూరు ఘాట్ ఎక్కే ఖనిజం లారీ, గేర్లు మార్చడంతో సహా. తర్వాత నెమలి. తర్వాత బళ్లారి బస్టాండులో కండక్టరు. ఊళ్ల పేర్లన్నీ ఒకే ఊపిరిలో, సగం కన్నడం సగం తెలుగు. పొట్టలు పట్టుకుని నవ్వాం. గంగమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

తర్వాత కాసేపు ఏమీ లేదు. ఉత్త గరగర. అయిపోయిందేమో అనుకుని బాషా చెయ్యి చాపాడు. అప్పుడు ఒక ముసలాయన దగ్గాడు.

"ఒరే శీనూ. కిటికీ వెయ్యకురా. గాలాడట్లేదు."

నా పేరు శ్రీనివాసరావు. శీనూ అని పిలిచేది ఇంట్లోవాళ్లే. ఆ గొంతు మా నాన్నది.

ఎవరో ముసలాయన గొంతు నాన్నలా వినిపించిందని అనుకోవద్దు. పోయేముందు ఏడాది నాన్నకు గొంతు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆయన మాట కొబ్బరిపీచు గోడకు రాసినట్టు ఉండేది. 'ర' పలికే చోట గాలి జారిపోయేది. మాది గోదావరి నుంచి తాతల కాలంలో వచ్చి కాలువ కింద వరి వేసుకున్న క్యాంపు కుటుంబం. నాన్న యాస చచ్చేదాకా అదే. అవన్నీ ఉన్నాయి అందులో.

కానీ నా ఒంట్లో చలి పుట్టింది గొంతుకు కాదు, మాటకు.

ఆ మాట నాన్న నాతో అన్నది ఆస్పత్రిలో, ఆఖరి మధ్యాహ్నం. గదిలో మేమిద్దరమే. రోడ్డు మీద లారీల ఎర్రదుమ్ము మంచం దాకా వస్తోందని కిటికీ మూయబోయాను. వద్దన్నాడు. "దుమ్ము నాన్నా, కాసేపే," అని మూసి గడియ పెట్టి టీకి కిందికి దిగాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చేసరికి ఆయన లేడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

టేపులో నాన్న మాట తర్వాత కొంచెం నిశ్శబ్దం. సరిగ్గా నేను జవాబు చెప్పినంతసేపు. ఆ తర్వాత కిటికీ రెక్క కొట్టుకున్న చప్పుడు, ఇనుప గడియ కిర్రుమని దిగడం, చెప్పుల చప్పుడు దూరమవడం.

గదిలో చప్పట్లు.

"అబ్బబ్బ, ఎంత చెన్నాగి చేసినాడప్పా ముసలాయన్ని!" అన్నాడు రుద్రప్ప మేష్ట్రు. మిగతావాళ్లు నవ్వుతున్నారు. బాషా మాత్రం నవ్వలేదు. ఆస్పత్రికి రెండుసార్లు వచ్చి నాన్నతో మాట్లాడిన మనిషి వాళ్లలో అతనొక్కడే. నా వైపు చూశాడు. అతని పెదాలు తెల్లగా పాలిపోయాయి.

గంగమ్మ మెల్లగా అంది. "ఈ గొంతు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు."

చప్పట్లు ఆగాయి. టేపు ఆగలేదు. ఇప్పుడు అందులో ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. లోపలికి పీల్చినప్పుడు సన్నగా ఈల. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. నేను కిందికి దిగగానే నాన్న పోయి ఉంటాడని అన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఊపిరి ఆగనే లేదు. నిమిషాలు గడిచాయి. క్యాసెట్ ఒక పక్క అయిపోయి బటన్ టక్కున పైకి లేచేదాకా అది ఆడుతూనే ఉంది.

బాషా రెండో పక్కకు తిప్పలేదు. క్యాసెట్ తీసి గంగమ్మ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

మా నాన్నా, ఈరన్నా కలిశారేమోనని తర్వాత అందరినీ అడిగాను. ఎవరూ అవునని చెప్పలేదు. కలిసినా ఏం లాభం? నాన్న ఆ మాట అనే నాటికి ఈరన్న మట్టిలో కలిసి రెండు నెలలు. అతను పోయాక ఎవరో అదే టేపు మీద రికార్డు చేశారనుకుందామంటే, ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

పది రోజులకు తెక్కలకోట వెళ్లాను. గంగమ్మ నన్ను చూడగానే గడపలోనే చెప్పేసింది.

"రెండో పక్క నేను విన్నా అప్పా. నువ్వు వినొద్దు."

"ఏముంది అందులో?"

"వినొద్దంటి కదా. మళ్లా అడగొద్దు నన్ను."

తిరిగొచ్చి ఆ సాయంత్రమే అమ్మకు అంతా చెప్పాను, కిటికీ సంగతితో సహా. అమ్మ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"నన్నేమైనా పిలిచారా రా, మీ నాన్న?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. చనిపోయిన మనిషి టేపులోకి అతని తర్వాత చనిపోయిన మనిషి గొంతు ఎలా వచ్చిందో కూడా తెలియదు. అమ్మకి జవాబు కావాలంటే ఆ క్యాసెట్ రెండో పక్క వినాలి. తెక్కలకోట బస్సు మా షాపు ముందు నుంచే పోతుంది. ఇప్పటిదాకా ఎక్కలేకపోయాను.