సబ్‌టైటిల్స్ అక్కర్లేని అత్తయ్యగారు

ఆ శనివారం మధ్యాహ్నం నేను స్పానిష్ సినిమా పెట్టింది కళాభిమానంతో కాదు. నా భార్య మా బాబుని తీసుకుని షాంటిలీకి కూరగాయలకి వెళ్ళింది. అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని మా ఇంట్లో నేనూ, ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అత్తయ్యగారూ మిగిలాం. ఖాళీగా కూర్చుంటే ఆవిడ ఆఫీసు సంగతులు అడుగుతారని నా భయం.

ఉద్యోగం పోయి అప్పటికి మూడు వారాలు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగూ, అత్తయ్యగారు కట్టిచ్చిన అన్నం డబ్బా పట్టుకుని లైబ్రరీకి పోతున్నాను. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోయి అందరం దేశం వదలాలి. ఈలోగా దొరుకుతుందిలే, అందర్నీ కంగారు పెట్టడం దేనికని నా తెలివి.

సినిమా మాత్రం అద్భుతం. లిఫ్టులు బాగుచేసే ఒకడు చూడకుండానే చూశానని సంతకం పెడతాడు. ఆ రాత్రే లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతుంది, లోపల ఒక ముసలాయన. ఎవరికీ తెలియకముందే సరిచేసేయాలని వాడి ఆరాటం. పాటల్లేవు, ఫైట్లు లేవు. తీసినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

అత్తయ్యగారికి స్పానిషూ రాదు, ఇంగ్లీషూ రాదు. నేను మాటిమాటికీ ఆపి కథ చెప్పబోయాను.

"ఆపకండి బాబూ, తెలుస్తూనే ఉంది. ఇప్పుడు పెళ్ళాంతో అబద్ధమాడుతున్నాడు."

"ఎలా తెలిసిందండీ?"

"ఫోన్ ఎత్తేముందు నవ్వుమొహం పెట్టుకుంటున్నాడు. ఎదురుగా లేని మనిషికి నవ్వెందుకు?"

వెనక్కి తిప్పి చూశాను. నిజమే, ప్రతిసారీ అంతే. ప్రతి అక్షరం చదువుతున్న నాకు అది కనబడనే లేదు. ఆవిడంటే భలే గౌరవం కలిగింది, కొంచెం ఉడుకుమోత్తనం కూడా.

చివరికి ముసలాయన చనిపోయాడు. ఫైర్ వాళ్ళకి మొదట్లోనే ఫోన్ చేసుంటే బతికేవాడు. అత్తయ్యగారు కళ్ళొత్తుకుని, నావైపు తిరగకుండానే అన్నారు.

"మీ ఆఫీసులో మైక్రోవేవ్ ఉందన్నారు కదా బాబూ?"

"ఉందండీ."

"మూడు వారాలుగా డబ్బాలో నెయ్యి పేరుకుని అంచులకి అంటుకుని వస్తోంది. వేడి చేసుకుని తింటే అలా ఉండదు."

జనవరి చలిలో, లైబ్రరీ బయట కార్లో తినే పప్పన్నం అది. ఇన్నాళ్ళూ తెలిసి కూడా ఆవిడ కూతురి చెవిన వేయలేదు.

కింద గరాజ్ తలుపు చప్పుడైంది. "నేను చెప్పను. మీరే చెప్పాలి," అని ఆవిడ ఎదురెళ్ళి, వాళ్ళమ్మ చేతిలోంచి బాబుని అందుకుని పైకి వెళ్ళిపోయారు.

"మూవీ ఎలా ఉంది?" సంచులతో వస్తూ నా భార్య అడిగింది. అలవాటుగా నవ్వు రాబోయింది. ఆపుకున్నాను.

"జాబ్ పోయింది. త్రీ వీక్స్ అయింది."

తను సంచులు వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఉద్యోగం పోయినందుకు ఒక్క మాట అనలేదు. దాచినందుకు మాత్రం సాయంత్రం దాకా తిట్టింది, ఏడ్చింది. ఆ తరవాత తనే నా రెజ్యూమె తెరిచి కూర్చుంది.

సోమవారం డబ్బా కట్టలేదు. మధ్యాహ్నం అత్తయ్యగారు కంచం పెట్టి, గరిటెలో నెయ్యి కాచి, వేడివేడిగా అన్నంలో పోశారు.